గొళ్ళెం మీద బొట్టు

దసరా పూజకని విప్పిన జాలీ ఉగాది దాకా గోడకే ఆనుకొని ఉండేది. రాజేందర్ మిల్లులో అది ఎవరూ పెట్టని రివాజు. తిరిగే బెల్టులోకి, చక్రంలోకి మనిషి చెయ్యి పోకుండా అడ్డంగా బిగించే ఇనుప జాలీ అది. పండుగ పొద్దున దాన్ని విప్పి, చక్రానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవారు. కొబ్బరికాయ కొట్టేవారు. నాలుగు దినాలకే వానాకాలం వడ్లు వచ్చి మీద పడేవి. ఇక జాలీ ఎవరికి గుర్తుంటుంది? అది గోడ పక్కన నిలబడి తవుడు దుమ్ము పట్టేది. హమాలీలు దాని మీద తువ్వాలలు ఆరేసుకునేవారు.

కిందటేడు ఆ తువ్వాలల్లో ఒకటి ఫకీరా మెడలో ఉంది.

ఫకీరా మిల్లు డ్రైవరు. అంటే లారీ నడిపేవాడు కాదు, మిషన్లు నడిపేవాడు. వేములపల్లి అవతల తండా నుంచి మోపెడ్ మీద వస్తాడు. బెల్టు జారుతోందని వంగి చూశాడు. తువ్వాల కొసను బెల్టు పట్టుకుంది. తువ్వాల పాతది కాబట్టి చిరిగింది. కొత్తదైతే ఫకీరా మిగిలేవాడు కాడు. మెడ చుట్టూ ఎర్రటి వాత తేలింది, కుడిచేతి చూపుడువేలు కొస పోయింది.

ఫకీరా ఇంకా దవాఖానలో ఉండగానే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చింది. వచ్చినావిడ పేరు స్రవంతి. చిన్న వయసు, సన్న గొంతు. ఇచ్చిన కూల్‌డ్రింకు ముట్టలేదు. తన సీసాలో నీళ్ళు తనే తాగింది.

"జాలీ ఏది?" అని అడిగింది.

"గదిగో, గాడ ఉంది," అని రాజేందర్ గోడవైపు చూపించాడు.

ఆమె గోడను చూసింది, జాలీని చూసింది. "గోడకు దెబ్బ తగలకుండా పెట్టారా?" అంది.

ఆ మాట రాజేందర్‌కు ఏడాదంతా నోట్లో రాయిలా ఉండిపోయింది. జరిమానా కట్టిన సంగతి మరిచిపోయాడు గానీ ఆ మాట మరువలేదు. పోతూపోతూ ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. రెండోసారి ఇదే కనిపిస్తే జరిమానాతో తెగదు. కేసు కోర్టుకు పోతుంది. అన్నీ సరిచేసేదాకా మిల్లు బంద్.

మిల్లు బంద్ అంటే ఏమిటో ఆమెకు తెలుసో లేదో, రాజేందర్‌కు తెలుసు. అది రెండు పెద్ద మిల్లుల మధ్య ఇరుక్కున్న చిన్న మిల్లు. సీజన్‌లో గేటుకు తాళం పడితే వడ్ల ట్రాక్టర్లు నిలబడి ఏడవవు. పక్క గేటులోకి తిరుగుతాయి. ఒకసారి తిరిగిన ట్రాక్టరు మళ్ళీ ఇటు రాదు. ఆ మిల్లు పోతే రాజేందర్‌కు పొద్దున లేచి పోవడానికి చోటు లేదు.

అతను నిడమనూరు బళ్ళో చదివినవాడు. ఎవరినైనా సరే, క్షమించడం ఆ బళ్ళో నేర్పలేదు. ఇన్‌స్పెక్టర్‌ను ఆ మాట అన్నందుకు క్షమించలేదు. ఫకీరాను ఆ తువ్వాల వేసుకున్నందుకు క్షమించలేదు. కొడుకు నవీన్‌ను మిల్లు వదిలి సూర్యాపేటలో ట్రాక్టర్ పార్టుల షాపు పెట్టుకున్నందుకు క్షమించలేదు. భార్య అరుంధతిని తనకన్నా ముందు పోయినందుకు అసలే క్షమించలేదు. దసరా బొట్లు ఆమె పెట్టేది. గుండ్రంగా, చక్రం నడిమధ్యలో. ఆమె పోయాక ఎవరో ఒకరు పెడుతున్నారు. ఎవరు పెట్టినా రాజేందర్‌కు వంకరగానే కనిపించేవి.

ఈ ఏడు ఎండాకాలం నుంచి కోడలు దేవిక మిల్లు ఆఫీసులో కూర్చుంటోంది. కోదాడ పిల్ల. నవీన్ పొద్దున సూర్యాపేట బస్సెక్కితే ఆమె టిఫిన్ డబ్బా పట్టుకొని మిల్లుకు వచ్చేది. రాజేందర్ రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు. అతని దగ్గర అది చాలా ఎక్కువ.

వినాయక చవితి దాటిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె మెల్లగా కదిపింది. "మామయ్యా, సూర్యాపేటలో ప్రభుదాస్ గారని ఒకాయన ఉన్నారు. ఇదివరకు ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. సీజన్ ముందర ఒకసారి పిలిచి మిల్లంతా చూపిద్దామండీ."

"ఎందుకు?"

"ఎక్కడెక్కడ తప్పులున్నాయో చెప్తారు."

"తప్పులు చెప్పెతందుకు ఇంకొకన్ని పిల్సుకోవాల్నా? నన్నడుగు. పొద్దుందాక చెప్త."

"మీరు మనుషుల తప్పులు చెప్తారు మామయ్యా. ఆయన మిషన్లవి చెప్తారు."

రాజేందర్ ఆమెవైపు చూశాడు. ఆమె నవ్వడం లేదు. కంప్యూటర్‌లో ఏదో కొడుతోంది.

"ఇన్‌స్పెక్టర్ మల్ల వస్తదని ఎవలన్నరు?"

"రారని ఎవరన్నారు?"

"వస్తే వస్తది. వచ్చినప్పుడు సూసుకుందం."

"పోయినేడు వచ్చినప్పుడు చూసుకున్నాం కదా మామయ్యా."

 జవాబు దొరకనప్పుడు రాజేందర్ బయటికి పోయి ఎవరినో ఒకరిని తిడతాడు. ఆ పూట ఊక లోడు చేస్తున్నవాళ్ళకు పడ్డాయి. తిట్టి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, "రానియ్యి మరి. చాయ్ మాత్రం నువ్వే పొయ్యి. నేను పొయ్య," అన్నాడు.

ప్రభుదాస్ బక్కపలచని మనిషి. చేతిలో ఒక స్టీలు టార్చి, మెడలో శిలువ గొలుసు. చాయ్ తాగకముందే మిల్లులోకి నడిచాడు. దేవిక పక్కన, రాజేందర్ వెనక, ఫకీరా ఇంకా వెనక.

గోడ మీద దుర్గమ్మ ఫోటో ముందు ఆగాడు. దండం పెడతాడేమో అనుకున్నాడు రాజేందర్. ప్రభుదాస్ ఫోటోను అంచు పట్టుకొని జరిపాడు. దాని వెనక ఎర్ర బటను ఉంది. మిల్లంతా ఒక్క దెబ్బకు ఆపే బటను.

"సేటూ, ఇదేంది?"

"మేకు గాడనే ఉండె. ఫోటో తగిలించినం."

"రేపు ఎవని చెయ్యన్న బెల్టుల పడ్డదనుకో. వీడు ఉరికొచ్చి ముందుగాల అమ్మవారిని దించాల్నా, బటన్ ఒత్తాల్నా?"

ఫకీరా వెనకనుంచి చిన్నగా, "దండం గూడ పెట్టాలె గద సార్," అన్నాడు. రాజేందర్ తిరిగి చూసేసరికి తలకాయ దించుకున్నాడు.

మంటలార్పే ఎర్ర బకెట్లలో ఇసుక లేదు. ఒకదాంట్లో హమాలీల సున్నం డబ్బాలు, తంబాకు పొట్లాలు. ఇంకొకదాంట్లో పిల్లి, దాని పిల్లలు. ప్రభుదాస్ టార్చి వేసి చూశాడు. పిల్లి కూడా అతన్ని చూసింది.

"ఇది మంట ఆర్పుతదా సేటూ?"

"ఎలుకల పడ్తది," అన్నాడు రాజేందర్.

"ఎలుకలది నా శాఖ కాదు."

అలా మిల్లంతా తిరిగాడు. వడ్లను పైకెత్తే ఎలివేటరు గుంటకు మూత లేదు. మోటారు తీగకు గోనె పీలిక చుట్టారు. తవుడు దుమ్ము బల్బుల మీద అంగుళం మందాన పేరుకుంది. చివరికి గోడ పక్కన ఉన్న జాలీల దగ్గరికి వచ్చాడు. కిందటేడు జరిమానా పడ్డాక బిగించినవే. ఎండాకాలంలో గ్రీజు పెట్టడానికి విప్పి మళ్ళీ అక్కడే ఆనించారు. వాటి మీద రెండు తువ్వాలలు ఆరుతున్నాయి.

ప్రభుదాస్ టార్చి ఆర్పాడు. ఆఫీసులోకి వచ్చి కూర్చొని చాయ్ తాగాడు. తాగాక చెప్పాడు.

"ఇన్‌స్పెక్టర్‌కు రెండు తీర్ల మనుషులు కనబడుతరు. ఒకడు తన తప్పు తనకు ఎరికైనోడు, సక్కవెట్టుకుంట ఉన్నోడు. ఇంకొకడు మనం చెప్పెదాక కండ్లు తెరవనోడు. జరిమానా ఈ రెండో వానికే పడ్తది. చట్టం అందరికి ఒకటే. గని కలం పట్టిన చెయ్యి సూసేది మనిషిని. మీరు ఏం సూసిన్రు, ఎప్పుడు సక్కవెట్టిన్రు, రాసి పెట్టుకోండ్రి. అడగకముందే ముందర పెట్టుండ్రి. ఇంకా కానిది ఉంటె కాలేదనే చెప్పుండ్రి. దాచొద్దు."

"అన్ని చేస్తే రాదా ఆమె?" అన్నాడు రాజేందర్.

"వస్తది. దసరా అయినంక వారం పది రోజులకు వస్తది. నేను గూడ గట్లనే వస్తుంటి."

"దసరా అయినంకనే ఎందుకు?"

ప్రభుదాస్ కప్పు కింద పెట్టాడు. "నేను చర్చికి పోయేటోన్ని సేటూ. గని ఏ పండుగకు ఏ మిల్లుల ఏది ఊడుతదో నాకు కంఠతా వచ్చు. దసరాకు జాలీ ఊడుతది. మీ కాడ మొక్కు. మా కాడ కేసు."

 ఏడాదంతా స్రవంతి ఎవరో పుల్ల పెడితే వచ్చిందనుకున్నాడు రాజేందర్. పక్క మిల్లువాడి మీద అనుమానపడి అతనితో మాటలు కూడా మానేశాడు. ఇప్పుడు చూస్తే పంచాంగం చూసుకొని వచ్చేవాళ్ళట. తిట్టడానికి మనిషి లేకుండా పోయాడు.

లేచేముందు ప్రభుదాస్ ఇంకొకటి చెప్పాడు. మెయిన్ స్విచ్చు బోర్డుకు తాళం పెట్టమన్నాడు. మిషన్‌లో చెయ్యి పెట్టేముందు మెయిన్ బంద్ చేసి తాళం వెయ్యాలి. "తాళంచెవి ఎవని జేబుల ఉండాలె?" అని తనే అడిగి, తనే చెప్పాడు. "మిషన్ల చెయ్యి ఎవనిదో, వాని జేబుల. మీ జేబుల కాదు సేటూ."

"మిల్లు నాది. తాళంచెవి వాని తాననా?"

"మిల్లు మీదే. చెయ్యి వానిది."

వెల్డర్ వచ్చాడు. జాలీలకు నట్లు బోల్టులు తీసేసి, బందులు పెట్టి, తలుపుల్లా చేశాడు. ఒక్కోదానికి ఒక గొళ్ళెం. విప్పే పనిలేదు, మోసే పనిలేదు. తీస్తే తెరుచుకుంటుంది, వేస్తే పడుతుంది. రాజేందర్ వెల్డర్ వెనకే నిలబడి ప్రతి అతుకునూ తప్పు పట్టాడు. కానీ మొదటి గొళ్ళెం టక్కున పడ్డప్పుడు తీసి, వేసి, మళ్ళీ తీసి చూశాడు. ఎవరూ చూడడం లేదనుకున్నాడు. దేవిక చూసింది.

దుర్గమ్మ జానెడు పైకి పోయింది. ఎర్ర బటను బయటపడింది. బకెట్లలో ఇసుక పడింది. పిల్లిని పిల్లలతో సహా ఊక కొట్టం పక్కకు మార్చారు. అది మరునాడే ఒక పిల్లను నోట కరుచుకొని బకెట్ దగ్గరికి వచ్చి, ఇసుక చూసి, రాజేందర్‌ను ఒక చూపు చూసి పోయింది. దేవిక అన్నీ తేదీ వేసి రాసింది. మెట్ల పక్కన పట్టుకొని ఎక్కే కమ్మీ ఊగుతోంది. వెల్డర్‌కు వేరే పని పడి అదొక్కటి మిగిలింది. అది కూడా మిగిలిందనే రాసింది.

ఇక దసరా.

పండుగ ముందురోజు దేవిక అడిగింది. "మామయ్యా, ఈసారి జాలీలు తీయకుండానే పూజ చేద్దామా? బొట్టు జాలీకే పెడదాం."

"రేకుకా?"

"రేకుకే."

"రేకుకు బొట్టు పెడితే చక్రం తిరుగుతదా? మీ అత్త ఉన్నన్ని దినాలు చక్రానికే పెట్టింది."

"ఇంటికి పూజ చేసేటప్పుడు గడపకే కదా మామయ్యా పసుపు రాస్తాం. గోడలన్నిటికీ రాయం కదా. ఇది కూడా గడపలాంటిదే."

రాజేందర్ ఫకీరాను పిలిచాడు. తన మాటకు వంత పాడతాడనే పిలిచాడు. ఫకీరా ఇద్దరి మొహాలూ చూశాడు. తెగిన వేలు రెండో చేత్తో నిమురుకున్నాడు.

"చక్రానికి బొట్టు లేకుంటే మనోళ్ళు మిషన్ ముట్టరు సేటూ," అన్నాడు.

"ఇన్నవా?" అన్నాడు రాజేందర్ కోడలితో.

"గని జాలీ తీసిపెడితే నేను ముట్ట," అన్నాడు ఫకీరా.

అతను రాజేందర్ ముందు అంతకుముందు ఎప్పుడూ అలా అనలేదు. గట్టిగా కూడా అనలేదు. చెప్పాల్సింది చెప్పి నిలబడ్డాడు. రాజేందర్ నోరు తెరిచి, అతని మెడ మీది గీత చూసి, మూసుకున్నాడు. తీస్తే ఒక తిప్పలు, తీయకపోతే ఒక తిప్పలు. రెండిట్లోనూ మిల్లు ఆగేదే. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సగం వదిలేసి లేచాడు. బీరువా తీసి, అరుంధతి చీరల అడుగునుంచి వెండి కుంకుమ భరిణె తీశాడు. కుంకుమ గడ్డ కట్టింది. వేలితో నలిపాడు. అది నలుగుతుంటే కొత్త కుంకుమ తెచ్చుకోవచ్చని తెలిసినా నలుపుతూనే ఉన్నాడు.

పండుగ పొద్దున మిల్లులో అందరూ చేరారు. హమాలీలు తలంట్లు పోసుకొని, ఉతికిన చొక్కాలు వేసుకొని వచ్చారు. రాజేందర్ మెయిన్ బంద్ చేశాడు. బోర్డుకు తాళం వేశాడు. తాళంచెవి తన జేబులో వేసుకోబోయి, ఆగి, ఫకీరా చేతిలో పెట్టాడు.

"చెయ్యి నీదే గద. ఉంచుకో," అన్నాడు.

ఫకీరా దాన్ని చొక్కా జేబులో వేసుకొని పైనుంచి తడిమి చూసుకున్నాడు.

జాలీ తెరిచారు. భరిణె దేవిక చేతికి ఇచ్చాడు రాజేందర్. ఆమె దాన్ని గుర్తు పట్టింది. కళ్ళకద్దుకొని, చక్రానికి పసుపు రాసి, నడుమ బొట్టు పెట్టింది. దండ వేసింది. హమాలీ ఒకడు కొబ్బరికాయ పైకెత్తాడు.

"ఆగన్నా," అంది దేవిక. "జాలీ వేశాకే కొబ్బరికాయ."

వాడు కాయ ఎత్తిన చేత్తోనే రాజేందర్‌వైపు చూశాడు. రాజేందర్ తల ఊపాడు. ఫకీరా జాలీ మూసి గొళ్ళెం వేశాడు. దేవిక వేలికి ఇంకా కుంకుమ మిగిలి ఉంది. గుడ్డకు తుడవకుండా, గొళ్ళెం మీదనే బొట్టు పెట్టింది. సగం బొట్టు తలుపు మీద, సగం చట్రం మీద పడింది.

"అదెందుకు?" అన్నాడు రాజేందర్.

"గడపకు పెట్టినట్టు మామయ్యా. పొద్దుటినుంచి మీరు కోపంగా ఉన్నారని అడగలేదు. పెట్టేశాను."

రాజేందర్ దగ్గరికి వచ్చి చూశాడు. గొళ్ళెం తీస్తే బొట్టు రెండుగా తెగుతుంది. తెగిన బొట్టు దాచలేరు. ఇన్‌స్పెక్టర్ మాట తుడిచేసుకొనే మనుషులు చాలామంది ఉంటారు. తన మాటైతే వెనక్కి తిరగ్గానే తుడిచేస్తారు. అమ్మవారి బొట్టు తుడవడానికి చెయ్యి రాదు. తనకూ రాదు. ఆ సంగతి అతనికి ఒక్కసారిగా తెలిసింది. తెలిసినవాడు ఊరుకోలేదు. జీవితమంతా మనుషులను కట్టడి చేసిన గొంతు అది.

"ఇనుండ్రి," అన్నాడు. "ఇగ ఈ జాలీ తీస్తే బొట్టు చెడుతది. చెడగొట్టినోడే మల్ల పెట్టాలె. తీసేముందు మెయిన్ బంద్ కావాలె, తాళం పడాలె, తాళంచెవి వాని జేబుల ఉండాలె. పని అయినంక మూసి, గొళ్ళెం ఏసి, బొట్టు పెట్టి, అప్పుడు తాళం తీయాలె. బొట్టు లేని గొళ్ళెం నాకు కనబడ్డదా, ఆ పూట మిల్లు నడ్వది. ఎవడు పెట్టలేదో వానికి నేను బొట్టు పెడ్త."

"మాకు గూడ పెడుతవా సేటూ?" అన్నాడు కాయ పట్టుకున్నవాడు.

"నెత్తి మీద పెడ్త. ఆ కాయ కొట్టు ముందు. చెయ్యి గుంజుతలేదా?"

కాయ నున్నగా రెండు చెక్కలైంది. మిగతా గొళ్ళేలకు కూడా దేవిక బొట్లు పెట్టింది. భరిణెను రాజేందర్ మెయిన్ బోర్డు పక్కన అరలో పెట్టాడు. వెండిదండీ, ఎవరైనా ఎత్తుకుపోతారని దేవిక అంటే, "పోనీ. బొట్టు పెట్టుకొని పోతడు," అన్నాడు.

వడ్లు వచ్చాయి. వేములపల్లి, నిడమనూరు వైపునుంచి ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు మీదికి బారు కట్టాయి. మిల్లు పొద్దున మొదలై పొద్దుపోయేదాకా రొద పెడుతోంది. ఆ రొద రాజేందర్‌కు కడుపు నిండినట్టు ఉండేది. మొదట్లో రోజుకు రెండుసార్లు గొళ్ళేలన్నీ చూసి వచ్చేవాడు. ఎలివేటరు దగ్గరి బొట్టు రెండోరోజుకే మారింది. పాతది గుండ్రంగా ఉండేది, కొత్తది పక్కకు ఒరిగింది, మొండివేలితో పెట్టినట్టు. ఫకీరా గ్రీజు పెట్టి మూసి ఉంటాడు. 

ప్రభుదాస్ చెప్పినట్టే దసరా పోయిన పది రోజుల్లోపే జీపు గేటులోకి వచ్చింది. స్రవంతి దిగింది. అదే నీళ్ళ సీసా. రాజేందర్ ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాడు.  గేటు బయట ట్రాక్టర్ల వరుస కనిపిస్తోంది. పక్క మిల్లు గేటు కూడా కనిపిస్తోంది.

ఆమె నేరుగా లోపలికి పోయింది. కిందటేడు జాలీ ఆనించిన గోడ దగ్గర ఆగింది. గోడ ఖాళీగా ఉంది.

"ఈసారి గోడకు దెబ్బ తగలదా?" అంది.

"తగిలితే మందు పెట్టుకుంటది," అన్నాడు రాజేందర్.

ఆమె బెల్టు దగ్గరికి నడిచింది. జాలీ వేసి ఉంది. గొళ్ళెం మీద ఎర్రగా బొట్టు. రొదలోంచి గొంతు పెంచి, "తలుపు తీయండి, లోపల చూడాలి," అంది ఫకీరాతో.

ఫకీరా కదల్లేదు. చక్రం తిరుగుతోంది.

"మిమ్మల్నే."

"తీయ మేడం."

 మొండికెయ్యకురా, తీసెయ్ అనబోయాడు రాజేందర్.  సన్న గొంతుతో ఆమె మళ్ళీ అంది. "నేను చెప్తున్నాను. ఇన్‌స్పెక్టర్‌ని."

"మీరు ఇన్‌స్పెక్టరే మేడం. బొట్టు బొట్టే," అన్నాడు ఫకీరా. "మెయిన్ బంద్ కావాలె. తాళం పడాలె. అప్పుడు తీస్త. మిల్లు నడుస్తుంటె సేటు చెప్పినా తీయ."

ఆమె రాజేందర్‌వైపు తిరిగింది. రాజేందర్ అప్పటికే మెయిన్ దగ్గరికి నడుస్తున్నాడు. మిల్లు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బయట ట్రాక్టర్లవాళ్ళ కేకలు వినిపించాయి. ఏమైందే, కరెంటు పోయిందా అని. ఫకీరా తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, తడిమి చూసుకొని వచ్చి గొళ్ళెం తీశాడు. బొట్టు రెండుగా తెగింది. లోపల చక్రం మీద పండుగనాటి బొట్టు దుమ్ము కింద ఇంకా ఎర్రగానే ఉంది. ఎండిన దండ ఊసు లేదు. మిల్లు నడిపేముందే తీసేశారు.

స్రవంతి వంగి అంతా చూసింది. టార్చి వేసి చూసింది. లేచి, "మూసేయండి," అంది.

ఫకీరా మూశాడు. గొళ్ళెం వేశాడు. చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఇంకేం, స్టార్ట్ చేయండి."

"ఇంకా బొట్టు పెట్టలే మేడం."

"పెట్టండి మరి."

రాజేందర్ అరలోంచి భరిణె తెచ్చి మూత తీసి ఆమె ముందు పట్టాడు. "తీసినోళ్ళే పెట్టాలె. మీరు తీపిచ్చిన్రు," అన్నాడు.

దేవిక గుమ్మం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్రవంతి భరిణెను చూసింది, రాజేందర్‌ను చూసింది. అతను నవ్వడం లేదు. సీసా చంకలో పెట్టుకొని, ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, గొళ్ళెం మీద బొట్టు పెట్టింది.

తర్వాత మిగతా మిల్లు చూసింది. ఫకీరా మిల్లు మొదలెట్టాక ఎర్ర బటను ఒత్తి, ఆగుతుందో లేదో చూసింది. బకెట్లో ఇసుక చేత్తో తీసి చూసింది. మెట్లు ఎక్కుతూ కమ్మీ పట్టుకుంది. అది ఊగింది.

"ఇదేంటి?"

దేవిక వెంటనే చెప్పింది. "అదొక్కటే మిగిలిందండీ. మేమే చూసి రాసుకున్నాం. వెల్డర్ గురువారం వస్తానన్నాడు. అప్పటిదాకా పైకి బస్తా మోయొద్దని చెప్పాం."

రాసింది చూపించబోతే స్రవంతి ఒక్కసారి చూసి తిరిగి ఇచ్చేసింది. ఆఫీసులో కూర్చొని, కమ్మీ బాగుచేసి ఫోటో పంపమని రాసింది. జరిమానా రాయలేదు. కోర్టు మాట రాయలేదు. దేవిక చాయ్ తెస్తే ఒక్క క్షణం చూసి, తీసుకుంది.

"ఈ గొళ్ళెం మీద బొట్టు ఎవరి ఆలోచన?" అని అడిగింది.

"మా కోడలిది," అన్నాడు రాజేందర్.

"ఆ రూలు మా మామయ్యది," అంది దేవిక.

"పక్క మిల్లులవాళ్ళకు చెప్పొచ్చా?"

పక్క మిల్లువాడి మొహం రాజేందర్ కళ్ళ ముందు మెదిలింది. లేని తప్పుకు ఏడాదిగా మాట్లాడని మొహం. "చెప్పుండ్రి," అన్నాడు. "కుంకుమ మాత్రం వాళ్ళది వాళ్ళు తెచ్చుకోవాలె."

జీపు పోయింది. మిల్లు మళ్ళీ లేచింది. మొదట మోటారు, తర్వాత బెల్టు, తర్వాత ఎలివేటరు, చివరికి అన్నీ కలిసి ఒకే రొద. గేటు తెరిచారు. ముందు ట్రాక్టరు లోపలికి వచ్చింది.

రాజేందర్ గొళ్ళెం దగ్గరికి పోయాడు. ఆమె పెట్టిన బొట్టు ఎడమకు ఒరిగి ఉంది. సరిచేద్దామని వేలు చాపాడు. చాపిన వేలు అక్కడే ఆగింది. కాసేపు చూశాడు. వంకరగా ఉన్నా నిండుగా ఉంది. వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఫకీరా," అని పిలిచాడు. "ఆ తువ్వాల మెడలకెళ్ళి తియ్యి. నడుముకు కట్టుకో. ఎన్నిసార్లు చెప్పాలె?"

ఫకీరా మెడలో తువ్వాల లేదు. అది ఎప్పటినుంచో నడుముకే ఉంది.

"సరే సేటూ," అన్నాడు ఫకీరా.

రాజేందర్ గేటువైపు నడిచాడు, ట్రాక్టరు అడ్డంగా పెట్టినవాణ్ణి తిట్టడానికి.